కుడిచెవి కోసిన పొట్టేలు

ఉదయగిరి
6 జూలై 2025

గోపాలయ్య బావకు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నా మోకాలు ఒక్కటి బాగాలేదు గానీ దాన్ని ఇంట్లో మనిషిగా లెక్కపెట్టడం మానేశాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. చేజర్ల పెళ్లి నుంచి వచ్చాక మనిద్దరం ఆ పొట్టేలు గురించి ఫోనులో అరుచుకుంటే, మా అక్క నీ చేతిలోంచి ఫోను లాక్కొని తీర్పు చెప్పింది. "ఇంక మీ ఇద్దరికీ ఫోను లేదు. ఏందన్నా ఉంటే కాయితం మీద రాసుకోండి. కాయితం మీద ఎవురూ అరవలేరు" అంది. మాలకొండమ్మ నీకు భార్య కాకముందు నుంచే నాకు జడ్జి. అప్పీలు లేదు. నిజం చెప్పాలంటే నాకిదే బాగుంది. ఫోనులో నేను ఒక సంగతి మొదలుపెడితే మధ్యలో నువ్వు గొర్రెల్ని తోలుతావు. ఇక్కడ చివరిదాకా చదవక తప్పదు నీకు.

సంగతేమిటంటే, స్కానర్ కొన్నాను. నెల్లూరులో ఎవరో స్టూడియో ఎత్తేస్తుంటే పాతది తెచ్చుకున్నాను. పాత ఫిలిం నెగెటివు దాంట్లో పెట్టి మూత వేస్తే చాలు, కంప్యూటర్ తెర మీద బొమ్మ వచ్చేస్తుంది. డార్క్‌రూం అక్కర్లేదు, మందు నీళ్లు అక్కర్లేదు. నా వయసు సగం ఎర్రబల్బు కింద గడిచింది. ఇప్పుడదే పని వరండాలో కూర్చుని, పట్టపగలు, కాఫీ తాగుతూ చేస్తున్నాను. ఎవరైనా చూస్తే కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది.

నాకు పని నేర్పిన మస్తాన్ సాహెబు గుర్తున్నాడు కదా. స్టూడియో నాకప్పగించి పోతూ, కెమెరాతో పాటు బిస్కెట్ డబ్బాల నిండా నెగెటివులు ఇచ్చాడు. ఇన్నేళ్లూ అటక మీదే ఉన్నాయి. తీస్తే పులిసిన వాసన. మీ చెల్లెలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, డబ్బాలతో పాటు నన్ను కూడా వరండాలోకి దించింది.

ఒకటి కనిపెట్టాను బావా. ఆ రోజుల్లో ఉదయగిరిలో మగవాళ్లందరికీ కలిపి ఒకటే కోటు. స్టూడియో తలుపు వెనక మేకుకు వేలాడేది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడూ, సంబంధానికి ఫొటో పంపేవాడూ అందరూ దాంట్లోనే దూరారు. సన్నపాటివాళ్లకు వీపున పిన్నీసులు పెట్టి, లావుపాటివాళ్లకు వీపున కుట్లు విప్పి, ముందు నుంచి మాత్రం దొరల్లా నిలబెట్టాడు సాహెబు. మొదటి డబ్బాలో కోటుకు మూడో గుండీ ఉంది. రెండో డబ్బాకు ఊడిపోయింది. మూడో డబ్బాలో చారెడంత గుండీ ఒకటి వచ్చి చేరింది. ఇప్పుడు ఆ గుండీని చూసి ఏ బొమ్మ ఏ ఏటిదో చెప్పగలను.

ఇంకో తమాషా. నెగెటివును కిటికీకి ఎత్తి పట్టుకుంటే పద్దెనిమిదేళ్లవాడికి కూడా తల నెరిసి ఉంటుంది. మిషను దాన్ని మార్చగానే జుట్టు నల్లబడి వయసు వచ్చేస్తుంది. మన తలలకు ఈ సౌకర్యం లేదు.

డబ్బాలు ఇంకా ఉన్నాయి. మీ వాళ్ల బొమ్మలు ఏవైనా కావాలంటే రాయి. పొట్టేలు సంగతి మాత్రం ఎత్తవద్దు.

ఇట్లు, పట్టపగటి ఫొటోగ్రాఫరు,
పెంచలనరసయ్య


ఆత్మకూరు
15 జూలై 2025

నరసయ్యా,

పొట్టేలు సంగతే ఎత్తుతున్నాను.

నీ కోటూ గుండీలూ మీ అక్కకు చదివి వినిపించాను. నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీకు చెప్పని సంగతి ఒకటుంది.

ఇక్కడ గొర్రెల పెంపకందారుల సంఘం ఆగస్టు ఆఖరి ఆదివారం సభ పెడుతోంది. పాతకాలపు కాపరులకు సన్మానం చేస్తారట. కార్యదర్శి నారాయణయ్య మా ఇంటికొచ్చి పేరు రాసుకుంటూ, చెప్పుకోదగ్గది ఏం చేశావు పెద్దాయనా అన్నాడు. డెబ్బై నాలుగులో ఆత్మకూరు పశువుల ప్రదర్శనలో నా పొట్టేలుకు మొదటి బహుమతి వచ్చిందన్నాను. ఆయన కలం ఆపి, ఫొటో ఏమైనా ఉందా అన్నాడు. మా రమేష్‌బాబు అక్కడే ఉన్నాడు. "మా నాయన పొట్టేలు ఏడాదికి జానెడు పెరగతా ఉండాది సార్. ఇప్పుడు ఎద్దంత ఉంటాది" అన్నాడు. నారాయణయ్య నవ్వాడు. వాకిట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

నాకు శాలువాల మీద మోజు లేదురా. నేను అబద్ధం చెప్పలేదని నా కొడుకు ముందు తేలాలి. అంతే.

ఆ రోజు నీకు గుర్తుండాలి. మీ నాయన, అంటే మా మామ, ఉదయగిరి నుంచి తన పొట్టేలును తోలుకొచ్చాడు. నేను నాది తోలుకెళ్లాను. రెండూ ఒకే తండ్రి బిడ్డలు, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నలుపు, ఎవరూ తేడా చెప్పలేరు. పేరు పుస్తకంలో సరిగా ఎక్కలేదని మామా నేనూ గుమాస్తాతో తగాదాకు పోయాం. రెండు పగ్గాలూ మీ అక్క చేతికిచ్చాం. అప్పటికి పెళ్లయి రెండేళ్లు కాలేదు. మేము తిరిగొచ్చేసరికి బహుమతి ఇచ్చేశారు. ఇత్తడి బిందె ఆమె చంకలో ఉంది. గెలిచిన పొట్టేలు మెడలో దండ వేశారట గానీ, రెండు పొట్టేళ్లూ కలిసి ఆ దండను తినేశాయి. దేనికిచ్చారని అడిగితే మీ అక్క, "రెండూ మనవే గదా" అని ఊరుకుంది. కూతురుగా ఒక మాట, భార్యగా ఒక మాట చెప్పాలి, ఏం చెప్తుంది. మామ చనిపోయేదాకా తనదే అన్నాడు. నేను నాదే అన్నాను.

మేము రాకముందే నువ్వు ఒక బొమ్మ తీశావని అప్పట్లో చెప్పావు. దండ మెడలో ఉండగానే తీసి ఉంటే చెవి చూడు. మా మందకు కుడిచెవి కొస కోస్తాం. మీ మందకు ఎడమచెవి. అది చాలు.

వెతుకు. మోకాలు సాకు చెప్పవద్దు.

గోపాలయ్య


ఉదయగిరి
29 జూలై 2025

బావా,

దొరికింది.

దొరికిన విధానం చెప్పకుండా సంగతిలోకి పోతే నేను నేను కాదు, కాబట్టి ఓపిక పట్టు. ఆ రోజు నేను పదిహేడేళ్ల పనివాణ్ణి. గొర్రె మీద ఫిలిం దండగ చేశానని సాహెబు తిట్టి, దాన్ని ప్రింటు వెయ్యడానికి కాగితం మాత్రం ఇవ్వనన్నాడు. ఆయన దృష్టిలో ఫొటోకు తగిన ప్రాణి అంటే కోటు తొడుక్కోగలిగింది. అట్లా రీలు డబ్బాలో పడిపోయింది. దాని మీద డబ్బాలు, వాటి మీద నా సంసారం.

కింది డబ్బాలో అది పీచు మిఠాయి పుల్లలా బిగుసుకుపోయి ఉంది. నీళ్లలో నానబెట్టి, కొయ్య గరిటెతో తీసి ఆరేసి, బరువైన పుస్తకాల కింద పెట్టి చదును చేశాను. చెవిలో మందు వేసే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదాను. వెలుతురుకు పట్టుకుంటే ముందు కాటుక లాంటి పొట్టేలు, దానికి తెల్లటి కళ్లజోడు. పక్కన నల్లటి ముఖం, తెల్ల జుట్టు ఆడమనిషి. మా అవ్వేమో అనుకున్నాను. స్కానర్‌లో పెట్టాక మా అక్క.

ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. దండ పొట్టేలు మెడలోనే ఉంది, అప్పుడే ఒక పువ్వు దాని నోట్లో ఉంది. రెండోది అటు తిరిగిపోవడంతో దాని తోక మాత్రం బొమ్మలో పడింది. గెలిచినదాని చెవి స్పష్టంగా కనిపిస్తోంది. కొస కోసి ఉంది.

ఎడమచెవి, బావా.

నేనేం చెయ్యను. రెండుసార్లు తెర పెద్దది చేసి చూశాను. పొట్టేలు తిరిగి ఉన్న వైపే నేనూ తిరిగి నిలబడి, నా ఎడమచెవి పట్టుకొని మరీ చూశాను. మా నాయనదే. నాలుగు బజార్లు తిరిగి అందరికీ చూపించాలనిపించింది. మా నాయన పటం ముందు పెట్టి, "చూసుకో నాయనా, గెలిచినావు" అని చెప్పాను కూడా. మీ చెల్లెలు నాకు ఎండ దెబ్బ తగిలిందనుకుంది.

ఆ రోజే చెప్పలేకపోయావా అని అడుగుతావు. సాహెబు కెమెరా పైనుంచి తొంగిచూసే రకం. అందులో కుడి ఎడమగా కనిపిస్తుంది. మీరిద్దరూ నా చెరో రెక్కా పట్టుకొని ఏ చెవిరా అని ఊపితే నాకు నా చెవులే గుర్తు లేకుండా పోయాయి.

బొమ్మ పెద్దదిగా వేయించి ఇందులో పెట్టాను. యాభై ఏళ్లు నువ్వు చెప్పిన కథ బాగుంది బావా, పొట్టేలే వేరు. కోపగించకు. సభకు నేను రాలేను, అదే రోజు వింజమూరులో వియ్యంకుల ఇంట్లో నిశ్చితార్థం ఉంది. శాలువా ఫొటో పంపు.

గెలిచిన మంద తరఫున,
నరసయ్య


ఆత్మకూరు
8 ఆగస్టు 2025

నరసయ్యా,

బొమ్మ అందింది. ఎడమచెవే. నా కళ్లద్దాలు మార్చి కూడా చూశాను.

నేను అబద్ధం చెప్పాననుకోవద్దు. అట్లాగే నమ్మాను. నమ్మింది తప్పయింది. మామ బతికి ఉండగా ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే బాగాలేదు.

నిన్న నారాయణయ్య దగ్గరికి పోయి నా పేరు కొట్టెయ్యమన్నాను. బహుమతి మా మామదని చెప్పి నీ బొమ్మ ఆయనకిచ్చాను. ఆయన మంచివాడే, కుర్చీ వేశాడు. మామ లేడు కాబట్టి ఆయన కూతురికి, అంటే మీ అక్కకు, శాలువా కప్పుతామన్నాడు. మంచిదే అన్నాను. ఫ్లెక్సీకి కూడా అదే బొమ్మ వేస్తారట.

ఇంటికొచ్చి రమేష్‌బాబుకు చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పోనీలే నాయనా, అన్నం తిను" అన్నాడు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇంక పొట్టేలు సంగతి మన మధ్య లేదు. నీ మోకాలికి వావిలాకు కాపడం పెట్టు. ఈ కాయితంలో మిగిలిన చోటు మీ అక్క అడుగుతోంది.

గోపాలయ్య

నరసా, నేను పైట కుడి భుజం మీద ఎప్పుడేసినానురా? బిందె కుడి చంకన ఎప్పుడన్నా పెట్టినానా? ఆ బొమ్మలో రెండూ తారుమారుగా ఉండాయి. మీరిద్దరూ గొర్రె చెవి చూసినారు గానీ పగ్గం పట్టుకున్న మనిషిని చూళ్ళేదు. మీ బావకు చెప్తే, ఇంక ఆ బొమ్మ నాకు చూపబాకమ్మే అని పక్కకు తిరిగినాడు. సరిగ్గా అన్నం తినడంలా. నీ మిషన్ ఏం చేసిందో చూసి రాయి, బిరాన.


ఉదయగిరి
16 ఆగస్టు 2025

బావా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. అక్కను పక్కన కూర్చోబెట్టుకో.

చెవి కుడిదే. పొట్టేలు మీ దొడ్డిదే. తప్పు నాది, మిషనుది కాదు.

నెగెటివుకు రెండు వైపులు. మందు పూసిన వైపు మసగ్గా ఉంటుంది, రెండోది మెరుస్తుంది. బొమ్మలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్‌లో యాభై ఏళ్లు నెగెటివు పెట్టిన చెయ్యి ఇది. దాంట్లో లైటు పైన, కాగితం కింద. మసగ వైపు కిందికి పెట్టాలి. నిద్రలో లేపి పెట్టమన్నా అట్లాగే పెడతాను. ఈ స్కానర్‌కు కన్ను అద్దం కింద ఉంది, అది కింది నుంచి పైకి చూస్తుంది. దీనికి మెరిసే వైపు కిందికి పెట్టాలి. లేకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమ అయిపోతుంది. పని తెలియనివాడైతే సగం సార్లన్నా సరిగ్గా పెట్టి ఉండేవాడు. నేను పని తెలిసినవాణ్ణి కాబట్టి ప్రతిదీ తప్పుగా పెట్టాను.

అక్క రాసింది చదివి తెర ముందు కూర్చొని మళ్లీ చూశాను. పైట కుడి భుజం మీద. సాహెబు కోటు గుండీలు నెలన్నరగా పట్టి పట్టి చూస్తున్నాను, అన్నీ ఆడవాళ్ల రవికెల్లా తిరగబడి ఉన్నాయి. గుండీ సైజు చూశాను గానీ గుండీ ఏ పక్క ఉందో చూడలేదు. మా వీధి చివరి నాగులమ్మకు, పోయిన ఆమె భర్త బొమ్మ వేసి ఇచ్చాను. ఆయనకు కుడి చెంపన పుట్టుమచ్చ, బొమ్మలో ఎడమ చెంపకు వచ్చింది. పరుగున పోయి చెప్తే, "నేనూ చూసినాలే నాయనా. పైకి పోయినాక మారిందేమో అనుకున్నా" అంది. పటానికి దండ కూడా వేసేసింది. కొత్తది ఇస్తే, పాతదానికే అలవాటు పడ్డానని రెండూ ఉంచుకుంది.

మా నాయన పటం ముందు కూడా పోయి మాట వెనక్కి తీసుకున్నాను. అది ఇంకా కష్టమైంది.

సరైన బొమ్మ ఇందులో ఉంది. నారాయణయ్యకు చూపించు, నీ పేరు తిరిగి రాయించు. నువ్వు చూపించకపోతే ఫోను చేస్తాను, అక్క ఏమన్నా సరే. నీ అంతట నువ్వే పోయి పేరు కొట్టేయించుకున్నావు. నేను గెలిచానని గంతులు వేశాను. నువ్వు ఓడిపోయానని నడిచిపోయి చెప్పి వచ్చావు. మనిద్దరిలో పెద్ద ఎవరో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

అన్నం తిను బావా.

నరసయ్య


ఆత్మకూరు
2 సెప్టెంబరు 2025

నరసయ్యా,

అన్నం తింటున్నాను. ఎక్కువగానే తింటున్నాను.

సభ జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నీలాగా తిప్పి రాయడం నాకు రాదు.

నారాయణయ్య తొందర మనిషి. నీ రెండో బొమ్మ పోస్టులో ఆలస్యమై సభ ముందు రోజు అందింది, అప్పటికే ఫ్లెక్సీ కొట్టించేశాడు. మొదటి బొమ్మే, మనిషంత ఎత్తున, కింద మా మామ పేరు. మళ్లీ కొట్టించే టైం లేదు. వచ్చిన ఆడవాళ్లందరూ దాని ముందు ఆగి, ఇదేం పైట, ఇదేం పైట అని గుసగుసలాడటమే. మీ అక్క ముందు వరుసలో కూర్చొని వాళ్లందరికీ నీ మిషను కన్ను గురించి చెప్తూ ఉంది. నువ్వు రాసిన దానికంటే బాగా చెప్పింది.

నేను సరైన బొమ్మ పట్టుకొని స్టేజీ వెనక్కి పోయాను. నారాయణయ్య రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకొని తల పట్టుకున్నాడు. శాలువా ఒకటే ఉంది. ఫ్లెక్సీ మీద మామ, చెవిలో అల్లుడు. చివరికి మమ్మల్నిద్దరినీ స్టేజీ ఎక్కించి, జరిగిందంతా మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. బహుమతి పొందిన పొట్టేలు యజమాని గోపాలయ్య గారు అని శాలువా విప్పాడు. నేను వంగాను.

మీ అక్క చెయ్యి అడ్డం పెట్టింది. మైకు ఇమ్మంది. ఆమె మైకు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పొట్టేలు మా నాయనదీ కాదు, ఈయనదీ కాదు. నాది. పెండ్లిలో మా నాయన నాకు అరణంగా ఇచ్చిన గొర్రె కడుపున పుట్టింది. అరణపు గొర్రె పిల్లలు ఆడబిడ్డవేనని మీకందరికీ తెలుసు. చెవి కోసేటప్పుడు ఈయన నన్నడగలా. గెలిచినాక ఇద్దరూ నాదంటే నాదని కొట్టుకున్నారు. నీదా అమ్మే అని అడిగినోడు లేడు. అడిగుంటే ఆ రోజే చెప్పుందును" అంది.

 సభలో కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. గొర్రె నిజంగా ఆమెదే. ఆమె పిల్లను పాలసీసాతో పెంచడం కూడా నాకు గుర్తొచ్చింది. యాభై ఏళ్లలో ఒక్కసారి గుర్తు రాలేదు చూడు. నాకూ నవ్వొచ్చింది. మొదలుపెడితే ఆగలేదు. మామ ఉంటే ఆయనా నవ్వేవాడు, ఇద్దరం కలిసి ఓడిపోయాం కాబట్టి.

శాలువా ఆమెకే కప్పారు. కప్పుకున్నాక నారాయణయ్యను అడిగి, నాకు కూడా ఒక కండువా వేయించింది. కాపరిగా.

రాత్రి భోజనాల దగ్గర రమేష్‌బాబు నా పక్కన కూర్చున్నాడు.  "నాయనా, ఆ పొట్టేలు కత మళ్లీ చెప్పు. మొదటి నుంచి చెప్పు" అన్నాడు. చెప్పాను. జానెడు కూడా పెంచలేదు. అక్కడక్కడ మీ అక్క సరిదిద్దింది.

ఇప్పుడు నీతో పని పడింది. నీ రెండో బొమ్మ గోడకు తగిలించాము. రోజూ చూస్తున్నాను. నువ్వు రాయలేదు గానీ, ఆమె దాంట్లో నవ్వుతోంది. దండ పొట్టేలు నోట్లోకి పోతోందని చూసి నవ్వినట్టుంది. పెళ్లయిన కొత్తల్లో ఆమె అంత నవ్వుతుందని నాకు తెలియదురా. నా ముందు తల ఎత్తేది కాదు. నేను గుమాస్తాతో తగాదా పడుతున్నప్పుడు ఇక్కడ ఈ నవ్వు నవ్వింది, నేను చూడలేదు. నువ్వు చూశావు.

ఆమె ముఖం వరకే పెద్దది చేసి పంపు. పొట్టేలు వద్దు. మంచం ఎదురుగా పెట్టుకుంటాను. మీ అక్కకు చెప్పవద్దు, ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించడం లేదు.

నీ బావ,
గోపాలయ్య


ఉదయగిరి
10 సెప్టెంబరు 2025

బావా,

అడిగినట్టే చేశాను. మెరిసే వైపు కిందికి పెట్టి, ఒకటికి మూడుసార్లు పైట ఏ భుజం మీద ఉందో చూసుకొని మరీ చేశాను. కవరు మీద రమేష్‌బాబు పేరు రాశాను, అక్క చేతికి పోకుండా.

ఒక చిక్కు వచ్చింది. ఆమె నవ్వుతూ పొట్టేలు తలకు చెంప ఆనించింది. ముఖం వరకే కత్తిరిస్తే, దాని కొమ్ము ఒక వంపు ఆమె చెంప పక్కనే పడుతోంది. కొమ్ము తీసేస్తే చెంప పోతుంది. కంప్యూటర్‌లో చెరిపేసే ఉపాయాలున్నాయి, నాకు కొంచెం వచ్చు కూడా. మొదలుపెట్టి ఆపేశాను.

అది చెరపాలంటే నీ మాట చాలదు, నా మాటా చాలదు. యజమానురాలిని అడుగు.

నరసయ్య